గుటక పడ్డ చోటు

జనవరి 11, ఆదివారం

అత్త నాతో మాట్లాడడం మానేసి నేటికి మూడు రోజులు. కారణం నేనేనని ఇంట్లో అందరి అభిప్రాయం. నా అభిప్రాయం ఎవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

భావి చరిత్రకారుల సౌకర్యార్థం కొన్ని వివరాలు. అత్త అంటే నాన్నకి అక్క. వయసు నలభై ఏడు. మా మేడమీద గదిలో ఉంటుంది. ప్రెస్సులో, అచ్చయిన కాగితాలని పుస్తకం సైజుకి మడతపెట్టే మెషిన్ దగ్గర ఇరవై ఏళ్లుగా పని. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "పొద్దస్తమానం మడతలు పెట్టి ఇంటికొస్తాను, ఇంకొకడి లుంగీ కూడా నేనే మడతపెట్టాలా?" అంటుంది. ఇక నేను. వయసు ఇరవై అయిదు. డిగ్రీ పూర్తి. కళ్లజోళ్ల షాపులో ఉద్యోగం. జనాన్ని అక్షరాల పట్టీ ముందు కూర్చోబెట్టి, 'ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా' అని విసుగు లేకుండా అడగడం నా వృత్తిధర్మం.

ఆరేళ్లుగా మా ఇద్దరికీ ఒక పిచ్చి. ఏడాది చివర లోకమంతా ఆ ఏటి గొప్ప ఆల్బమ్‌లంటూ జాబితాలు వేస్తుంది. వాటితో మాకు పనిలేదు. ఆ ఏడాదే పుట్టి, ఎవరికీ పట్టక, నలభైమందో యాభైమందో విని వదిలేసినవి మాకు కావాలి. నేను అయిదు వెతుకుతాను, అత్త అయిదు వెతుకుతుంది. కొత్త సంవత్సరం మొదటి రోజున మార్చుకుంటాం. నావి అత్త మేడమీద వింటుంది, అత్తవి నేను కింద వింటాను. విన్నాక ఒక్కో ఆల్బమ్‌కీ ఒక్కటే రాయాలి: గుటక ఎక్కడ పడిందో. అంటే వింటూ ఉండగా గొంతులో ఏదో అడ్డుపడి, గుటక మింగాల్సి వచ్చిన చోటు. ఎన్నో పాట, ఎన్నో నిమిషం, ఎన్నో సెకను. ఎందుకో చెప్పకూడదు. అవతలివాళ్లు అక్కడిదాకా మళ్లీ విని తామే కనుక్కోవాలి.

జనవరి చివరి ఆదివారం ఆ పదీ, పక్కన గుటకలతో సహా, అరవై ఒక్కమందికి మెయిల్లో వెళ్తాయి. మొదటి ఏడు ముగ్గురే ఉండేవాళ్లు. అందులో ఒకరు నాన్న. ఆయన తెరవలేదు.

ఇక నేరం సంగతి. ఈసారి నా అయిదింట్లో మణిపూస 'ఉప్పు గది'. ఎవరో ఒకావిడ ఖాళీ గిడ్డంగిలో ఒంటరిగా కూర్చుని చిన్న చిన్న గంటలు మోగిస్తుంది, మధ్యలో సన్నని వేణువు ఊదుతుంది. నలభై నిమిషాలు అదే. లోకం మొత్తం మీద దాన్ని విన్నది ముప్పై ఎనిమిది సార్లు, అందులో పదకొండు నావి. నాలుగో పాటలో గంటలన్నీ ఒక్కొక్కటే ఆగిపోయి, చివరికి ఒక్కటి మిగులుతుంది. అక్కడ నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అత్తకీ అక్కడే పడుతుందని నాతో నేనే పందెం కాసుకున్నాను.

అత్త చీటీ వచ్చింది. 'ఉప్పు గది: రెండో పాట, 6:51.'

వెళ్లి విన్నాను. 6:51 దగ్గర ఒక తలుపు ఉంది. గిడ్డంగి తలుపు, గాలికి దడాలున మూసుకుంది. అది సంగీతం కాదు, పొరపాటు. తీసెయ్యడం మర్చిపోయారు.

నవ్వాపుకోలేక ఆ ఊపులోనే అరవై ఒక్కమందికీ ఉత్తరం పంపాను. "పాఠకులకు విజ్ఞప్తి. మా అత్తకి ఈ ఏడాది తలుపుల మీద అభిమానం పుట్టింది. నలభై నిమిషాల గంటల్ని దాటుకుని వెళ్లి మరీ ఒక తలుపు దగ్గర గుటక మింగింది. వచ్చే ఏడాది నుంచి మా జాబితాలో కిటికీలు, గడియలు, మడతమంచాలు కూడా ఉండగలవు. అత్త తన చెవుల్ని ఎవరికైనా అద్దెకిచ్చి ఉంటే, తీసుకున్నవారు దయచేసి తిరిగి ఇచ్చెయ్యండి."

పద్నాలుగు మంది నవ్వుతూ జవాబు రాశారు. ఇది రికార్డు. ఆ అరవై ఒక్కమందిలో మొదటి పేరు అత్తదే. మర్నాడు పొద్దున కిందకి టీకి రాలేదు.

నా వాదన ఒక్కటే. జోకు బాగుంది. జోకు బాగున్నప్పుడు బాధపడడం వినేవాళ్ల తప్పు.

జనవరి 12

ఇంకా మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఉభయులం సమఉజ్జీలం.

జనవరి 13

పెద్దమనసు చేసుకుని మేడమెట్లు ఎక్కాను. అత్త గోడవైపు తిరిగి ఇస్త్రీ చేసుకుంటోంది.

"మహారాణీ, దాసుడొచ్చాడు," అన్నాను గుమ్మంలోంచి. తిరగలేదు. ఇంకోసారి అన్నాను. తిరగలేదు. ఇంత పొగరు పనికిరాదనుకుంటూ వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. ఉలిక్కిపడింది.

"ఎప్పుడొచ్చావురా? పిల్లిలా!"

"తమరి దర్శనం కావట్లేదని నేనే వచ్చాను."

"కూర్చో. అక్కడ కాదు, ఆ వెలుతురులో కూర్చో."

"ఎందుకు, ఫొటో తీస్తావా?"

నవ్వింది. నవ్వితే పని అయిపోయినట్టే అనుకున్నాను.

"కోపమా?"

"నీ మీద కోపమేంట్రా. కానీ ఈ ఏడాదికి జాబితా నువ్వొక్కడివే కానిచ్చెయ్. నావి తీసేసి పదీ నీవే పెట్టుకో."

"ఒక్క జోకుకే? నాకు మీసం మొలిచినప్పుడు నువ్వు దాని మీద పద్యం కట్టి చుట్టాల పెళ్లిలో చదివావు."

"ఆ పద్యం బాగుంది."

"నా తలుపూ బాగుందిగా!"

అత్త ఇస్త్రీపెట్టెని నిలబెట్టింది.

"అది తలుపని నాకు తెలీదురా," అంది.

"ఏంటి?"

"ఏం లేదు. నువ్వెళ్లు. నాకింకా నాలుగు చొక్కాలున్నాయి."

తలుపని తెలియదట. మరేమనుకుంది? నా పరిశోధనలో తేలింది ఇది: పని ఒత్తిడిలో ఆల్బమ్ సరిగ్గా వినలేదు. నోటికొచ్చిన సెకను రాసేసింది. ఇప్పుడు ఒప్పుకోవడానికి నామోషీ. బద్ధకానికి ఇంత గాంభీర్యం అక్కర్లేదు.

జనవరి 14

మాటలు లేవు. టీ మేడమీదకే పంపిస్తున్నారు. అమ్మ నా కప్పు మాత్రం బల్ల మీద గట్టిగా పెడుతోంది.

జనవరి 15

శాంతి ఒప్పందం నిమిత్తం ఒక పొట్లం వేయించిన పల్లీలు తీసుకుని, మధ్యాహ్నం భోజనాల వేళకి ప్రెస్సుకి వెళ్లాను. మడతల మెషిన్ దగ్గర అత్త లేదు. ఎవరో కొత్తమ్మాయి ఉంది. అత్త ఆ చివర, గోడవారగా, బల్ల ముందు నిలబడి పుస్తకాల కట్టలకి పురికొస చుడుతోంది. చుట్టి, ముడేసి, పక్కకి తోసి, ఇంకోటి. నన్ను చూడలేదు.

కుట్టు మెషిన్ దగ్గరుండే పెద్దావిడ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఆవిడే పిలిచింది.

"మీ అత్తని అటు మార్చి రెండు నెలలవుతోంది బాబూ. ఇంట్లో చెప్పలేదా?"

"ఎందుకు మార్చారు?"

"ఆ మెషిన్‌లో కాగితం ఇరుక్కునే ముందు సన్నగా కీచుమంటుంది. వెంటనే ఆపెయ్యాలి. ఇరవై ఏళ్లు, అది పూర్తిగా కీచుమనేలోపే మీ అత్త చెయ్యి మీట మీద ఉండేది. నవంబరులో ఓరోజు అది గుక్కపట్టి ఏడుస్తోంది. మేమంతా చెవులు మూసుకున్నాం. మీ అత్త మాత్రం కాగితాలు పెడుతూనే ఉంది, హాయిగా. బెల్టు తెగింది. పదిరోజులు తిరక్కుండా మళ్లీ అదే. ఓనరు మంచాయన, ఒక్క మాటనలేదు. చేతికి పురికొస ఇచ్చాడు."

"ఏదో ధ్యాసలో ఉండుంటుంది," అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏం చదివావు బాబూ నువ్వు?"

"డిగ్రీ అండి."

"ఆహా," అంది.

పల్లీలు ఇవ్వకుండానే వచ్చేశాను. బస్సులో నేనే తిన్నాను. నవంబరు అంటే నా ఉత్తరానికి రెండు నెలల ముందు. అంటే దీనికీ నాకూ సంబంధం లేదు. హమ్మయ్య.

హమ్మయ్య అని రాశాను కదా ఇప్పుడే. చూసుకున్నాను.

జనవరి 16

షాపుకి ఒక పెద్దాయన వచ్చాడు. డ్రైవింగ్ లైసెన్సు కోసం కళ్ల పరీక్ష. పట్టీలో అన్నిటికన్నా చిన్న వరస గడగడా చదివేశాడు. అనుమానం వచ్చి పట్టీ మార్చాను. కొత్త పట్టీకి కూడా పాత వరసే చదివాడు, అంతే ధీమాగా. బయట బెంచీ మీద కూర్చున్నంతసేపూ బట్టీపట్టాడన్నమాట. మామూలుగా అయితే ఇలాంటివి ఇంటికి మోసుకొచ్చి అత్తకి నటించి చూపిస్తాను. ఈరోజు నవ్వు రాలేదు. ఆయన చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని నా మొహంలోకి చూస్తున్నాడు, పట్టుబడ్డానా లేదా అని.

ఇంటికొచ్చి చీటీల పెట్టె తీశాను.

అత్త గుటకలు ఎప్పుడూ ప్రెస్సులో అంచులు కోయగా మిగిలిన పొడుగాటి కాగితపు ముక్కల మీద రాస్తుంది. ఆరేళ్లవీ నా దగ్గర ఉన్నాయి. ఏడాది ప్రకారం నేలమీద పరిచాను. ఒక్కో చీటీ చూడడం, ఆ పాట తెరవడం, ఆ సెకను దగ్గర వినడం. ఎందుకు చేస్తున్నానో నాకు నేను చెప్పుకోలేదు.

మొదటి ఏడు: ఒకమ్మాయి పాడుతూ పాడుతూ, మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీల్చిన చప్పుడు. దాన్ని అప్పట్లో నాలుగుసార్లు వింటేగాని పట్టుకోలేకపోయాను. ఇంకోదాంట్లో తీగ మీద వేలు జారిన చప్పుడు.

రెండో ఏడు: ఒక చిన్న గంట. వేణువు.

మూడో ఏడు: వయొలిన్. పై తీగలు.

నాలుగో ఏడు: వయొలిన్. కింది తీగ.

అయిదో ఏడు: మగగొంతు. మగగొంతు. వయొలిన్ కన్నా బొంగురు చెల్లో. మగగొంతు.

ఈ ఏడు: డ్రమ్ము. డ్రమ్ము. బాసు గిటారు. డ్రమ్ము. తలుపు.

ఈసారి ఆవిడ ఏరి నాకిచ్చిన అయిదు ఆల్బమ్‌లూ గుర్తుచేసుకున్నాను. అయిదూ డ్రమ్ములే. 'ఏంటి అత్తా, ఊరేగింపు బయల్దేరదీశావు' అని నేను వేళాకోళం చేశాను కూడా.

ఒక్కో ఏడాదికి ఒక్కో మెట్టు దిగింది. ప్రతి మెట్టు దగ్గరా నిమిషం, సెకను వేసి మరీ నాకు రాసిచ్చింది. నేను తేదీలవారీగా సర్ది, రబ్బరు బ్యాండు వేసి, భద్రంగా దాచుకున్నాను.

ఇందులో జోకు ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు.

జనవరి 17

పొద్దున్నే వంటింట్లో అమ్మని అడిగాను.

"అత్తకి వినిపించట్లేదా?"

అమ్మ కుళాయి కట్టేసింది.

"తెలిసిందా మొత్తానికి? సన్నవి ఏవీ వినిపించవు. కాలింగ్ బెల్లు వినిపించదు, పిట్టలు వినిపించవు. మాటలు సగం వినిపిస్తాయి, మిగతా సగం పెదాలు చూసి పూరించుకుంటుంది. అక్టోబరులో మీ నాన్న చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఇరవై ఏళ్ల మెషిన్ హోరు తినేసిందట. చెవుల్లో పెట్టుకోమని ప్రెస్సువాళ్లు బిరడాలు ఇచ్చేవాళ్లు. పెట్టుకుంటే మెషిన్ మాట వినపడదని ఈవిడ పెట్టుకునేది కాదు."

"మిషనేదో ఉంటుందిగా, చెవికి పెట్టుకునేది?"

"కొన్నారు. మాటలకి పర్లేదట. పాటలు మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుంటాయట. సొరుగులో పెట్టేసింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"వాడొక్కడికి మాత్రం చెప్పొద్దంది. నీకు తప్ప అందరికీ తెలుసురా. పాలవాడికి కూడా తెలుసు."

"నాకెలా తెలుస్తుందమ్మా? నాతో మామూలుగానే ఉండేదిగా. నేను ఏదన్నా అంటే వెంటనే నవ్వేదిగా!"

అమ్మ చెప్పాలా వద్దా అన్నట్టు చేతులు తుడుచుకుంది.

"జోకు వేశాక నువ్వు కనుబొమలు ఎగరేస్తావు," అంది. "అది చూసి నవ్వుతుంది."

ఈ ఏడాదంతా అత్త నా జోకులకి ఎప్పుడూ లేనంతగా నవ్వింది. నేను మెరుగుపడ్డాననుకున్నాను.

జనవరి 18

అద్దం ముందు నిలబడి ఒక జోకు చెప్పుకున్నాను. నిజమే. ఎగురుతున్నాయి.

జనవరి 20

అరవై ఒక్కమందికీ క్షమాపణ ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. నాలుగు రాశాను. నాలుగూ ఆఖరి వాక్యానికి వచ్చేసరికి జోకుగా మారాయి. నాలుగూ చెరిపేశాను. ఈ రోగానికి ఏ డాక్టరున్నాడో.

దాని బదులు ఒక గొప్ప పని చేశాను. నా అయిదూ రద్దు చేశాను, 'ఉప్పు గది'తో సహా. రెండు రోజులు వెతికి కొత్తవి అయిదు పట్టాను. 'లిఫ్టు గుంట': లిఫ్టు తిరిగే ఖాళీలో అడుగున కూర్చుని డ్రమ్ములు వాయించారు. 'ఏనుగు నిద్ర': ముగ్గురు మనుషులు, మూడు పెద్ద బాకాలు, గంటసేపు గుర్రు. 'బాయిలరు'. 'నేలమాళిగ'. ఇంకోటి ఒకాయన ఒక్కడే, బావి అడుగునుంచి వచ్చే గొంతుతో పాడినవి. అన్నీ బొంగురువి, లావువి. అత్త చెవికి తప్పకుండా అందుతాయి. ఎవరూ విననివే, నియమం ఎక్కడా తప్పలేదు. చీటీ రాసి అత్త గది తలుపు కిందనుంచి తోశాను.

రెండు బాగానే ఉన్నాయి. మూడు భరించవచ్చు.

జాబితా గురించి నేను 'భరించవచ్చు' అని రాయడం ఇదే మొదటిసారి.

జనవరి 22

సాయంత్రం అత్త కిందకి దిగింది. సరాసరి నా గదిలోకి.

"అల్లుడూ," అంది. ఆ పిలుపు వింటే మామూలుగా సరదా మొదలవుతుంది. ఈరోజు కాదు. "ఏనుగు విన్నాను."

"ఎలా... ఉంది?" అన్నాను. వెలుతురు నా మొహం మీద పడేలా జరిగాను. ఒక్కో అక్షరానికీ నోరు బాగా తెరిచాను.

"నోరు అంత తెరవకు. పళ్లు పీకించుకోడానికి వచ్చినట్టున్నావు."

నోరు మామూలు సైజుకి తెచ్చాను.

"అది నీకు నచ్చిందా?"

"చాలా."

"మొహం చూసి తెలుసుకోవడమే కదరా ఇప్పుడు నాకున్న పని. నా దగ్గర ఆడకు. నచ్చిందా?"

"...బాగానే ఉంది."

"బాగానే ఉంది!" చీటీ నా మంచం మీద పడేసింది. "పథ్యం పెడుతున్నావా నాకు? ఉప్పు తీసేసి, కారం తీసేసి, మెత్తగా పిసికి? అందుకేరా నీకు చెప్పొద్దన్నాను. నీకు తెలిసిన మర్నాడే ఇలా చేస్తావని తెలుసు. రెండు రోజులు ఆగావు, సంతోషం."

"నీకు వినిపించేవి ఇద్దామని..."

"వినిపించేవి నాకు బోలెడున్నాయి. లారీలు వినిపిస్తాయి. మీ నాన్న గురక వినిపిస్తుంది, మధ్యలో అంతస్తు ఉన్నా సరే. వాటిని వెతికి తేవడానికి నువ్వెందుకు? నీకు నచ్చింది నాకివ్వు. నేను వినలేకపోతే అది నా ఏడుపు. నచ్చనిది ఇచ్చి నచ్చిందన్నావంటే ఇంక మన మధ్య ఏముంటుందిరా?"

నాకూ ఉక్రోషం వచ్చింది. ఎందుకొచ్చిందో తెలియదు. తప్పు చేసినవాడికి రాకూడనిది అదే.

"నువ్వు మాత్రం? గుటక పడకుండానే సెకన్లు రాసి ఇచ్చావుగా!"

"పడకుండా ఎప్పుడు రాశాను?"

"తలుపు!"

అత్త కుర్చీలో కూర్చుంది. తన చేతులు చూసుకుంది. పురికొస గీసిన గీతలు వేళ్ల మీద ఎర్రగా ఉన్నాయి.

"పడింది," అంది. "నువ్విచ్చింది కదా, అందులో ఏదో ఉంటుందని కూర్చున్నాను. మొదటి పాటంతా ఏమీ లేదు. శబ్దం పెంచాను. ఏమీ లేదు. ఫోనులో సెకన్లు తిరుగుతున్నాయి, పాట నడుస్తోందని తెలుస్తోంది, నాకు మాత్రం ఏమీ లేదు. రెండో పాట కూడా అంతే. అయిపోయిందిరా, ఇంక అయిపోయింది అనుకుంటుంటే, దడాల్ అని ఒకటి వచ్చింది. తలుపో, డ్రమ్మో నాకేం తెలుసు. వినిపించింది. గుటక పడింది. రాశాను."

నా కనుబొమలు ఎక్కడున్నాయో నాకు తెలియలేదు. కిందే ఉన్నాయనుకుంటాను.

నాన్న అప్పుడే ఇంటికొచ్చినట్టున్నాడు. గుమ్మంలోంచి, "అక్కా, టీ?" అన్నాడు. అత్త నావైపే చూస్తోంది. నేను చేత్తో గుమ్మం వైపు చూపించాను. తిరిగి చూసి, "ఊఁ, తాగుతా," అంది.

లేచి వెళ్తూ ఆగింది.

"ఉప్పు గది మళ్లీ పెట్టు. మిగతా నాలుగూ కూడా. ఆదివారం పొద్దున వస్తాను. దానికి ఇంకో గుటక రాస్తాను, ఆ తలుపు తీసేద్దాం."

"తలుపు ఉండనీ అత్తా."

"ఛ. ఊరంతా నవ్వారు దాన్ని చూసి," అంది. అనేసి తనే కొంచెం నవ్వింది.

జనవరి 23

ఉప్పు గది తిరిగి చేర్చాను. ఏనుగు నిద్ర తీసేశాను. వాళ్ల ముగ్గురికీ నా ప్రగాఢ సానుభూతి.

జనవరి 25, ఆదివారం

పదకొండింటికి వచ్చింది. చేతిలో కాగితపు ముక్క, పెన్సిల్. కుర్చీ లాక్కుని నాకు ఎదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"నువ్వు విను," అంది.

"మరి నువ్వు?"

"నేను నిన్ను చూస్తాను. నీకు ఎక్కడ పడితే అక్కడ రాస్తాను. దాచావంటే చంపేస్తా."

ఆరేళ్లలో మేము ఒక్క ఆల్బమ్ కూడా కలిసి వినలేదు. ఫోను తన చేతిలో పెట్టుకుంది, సెకన్లు కనిపించేలా. స్పీకరు నా పక్కన పెట్టింది. నాలుగో పాట పెట్టమన్నాను. నాకు గంటలు ఆగిపోయే చోటు తెలుసు. 5:30 దగ్గర మొదలవుతుంది. అక్కడ నాకు తప్పకుండా పడుతుంది, పదకొండుసార్లూ పడింది. అత్త దాన్ని పట్టుకుంటుంది, చీటీ మీద రాస్తుంది. ఒక మంచి గుటక, ఎవరూ నవ్వలేనిది. అదీ నా పథకం.

పాట మొదలైంది. గంటలు ఒక్కొక్కటే చేరాయి. వేణువు వచ్చింది, పోయింది. నేను కుదురుగా కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను. నటించకూడదు, దాచకూడదు. అలా ఎంతసేపని చూస్తాం కిటికీని? ఒకసారి అత్త వైపు చూశాను.

నా గొంతు వైపే చూస్తోంది. రెప్ప వెయ్యడం లేదు. కొంచెం ముందుకి వంగింది. పెన్సిల్ ఉన్న చెయ్యి గాలిలో ఆగి ఉంది, కాగితానికి వెంట్రుకవాసి దూరంలో. నా చుట్టూ గదినిండా గంటలు మోగుతున్నాయి. ఆవిడ కూర్చున్నచోట ఏమీ లేదు. ఏమీ లేనిచోట కూర్చుని, అది వచ్చే క్షణం తప్పిపోకూడదని చూస్తోంది.

గుటక పడింది.

పెన్సిల్ టక్కున కదిలింది.

తర్వాత 5:30 వచ్చింది. గంటలు ఒక్కొక్కటే ఆగాయి. ఒక్కటి మిగిలింది. నాకు గుటక పడలేదు.

పాట అయ్యాక అత్త చీటీ చూపించింది. 'నాలుగో పాట, 3:12.'

"పట్టుకున్నానా?"

"పట్టుకున్నావు."

"ఏముందిరా అక్కడ?"

చెప్పకూడదన్నది మా నియమం. ఆరేళ్లలో ఆవిడ అడగడం ఇదే మొదటిసారి.

"గంటలన్నీ ఒక్కొక్కటే ఆగిపోతాయి అత్తా," అన్నాను. "చివరికి ఒక్కటి మిగులుతుంది."

"చాలా సన్నగా ఉంటుందా, ఆ మిగిలింది?"

"సన్నగా ఉంటుంది."

"మూడు నాలుగేళ్ల కింద అయితే నేనూ పట్టుకునేదాన్ని."

"నాకన్నా ముందే పట్టుకునేదానివి."

కొంచెంసేపు నా మొహం చూసింది. నేను కదలలేదు. మొహం చూసి తెలుసుకోవడమే తన పని అన్న మనిషి. ఏం తెలుసుకుందో నాకు చెప్పలేదు. చీటీ నా చేతిలో పెట్టి, "టైపు చెయ్యి. మధ్యాహ్నానికల్లా పంపెయ్యాలి, ఇప్పటికే జనం ఎదురుచూస్తుంటారు," అంది. ఎవరూ ఎదురుచూడరని ఇద్దరికీ తెలుసు.

నాలుగింటికి పంపాను. పది ఆల్బమ్‌లు, పది గుటకలు. జోకులు లేవు.

జనవరి 28

ఒకే ఒక్క జవాబు వచ్చింది. మాకు మూడో ఏటి నుంచి చదువరి అయిన రిటైర్డ్ లెక్కల మాస్టారు రాశారు.

"బాబూ, ఉప్పు గది అద్భుతంగా ఉంది. ధన్యవాదాలు. కానీ నాలుగో పాట 3:12 దగ్గర ఆరుసార్లు విన్నాను. అక్కడ ప్రత్యేకంగా ఏమీ లేదు. అసలు సంగతి 5:30 తర్వాత కదా? మీ అత్తగారు అంకెలు తప్పు వేసినట్టున్నారు. వీలైతే సరిచేసి అందరికీ పంపగలరు."

జవాబు రాశాను. "తప్పు పడలేదండీ మాస్టారూ. 3:12నే."

పంపేశాక ఆ పాట ఇంకోసారి పెట్టాను, ఒక్కడినే. మాస్టారు చెప్పింది నిజమే. 3:12 దగ్గర ఏమీ జరగదు. గంటలన్నీ మోగుతూ ఉంటాయి, అంతే. అప్పటికి ఇంకా ఒక్కటి కూడా ఆగలేదు.

గుటక పడింది.